ముహూర్తాలు లేని నెల



డిసెంబరు వచ్చిందంటే పేపరు జిల్లా పేజీలో ఒక మూల చిన్న పెట్టె కట్టి చలి లెక్కలు వేస్తారు. చింతపల్లిలో ఇన్ని డిగ్రీలు, లంబసింగిలో ఇన్ని, పాడేరులో ఇన్ని, మినుములూరులో ఇన్ని. ఆ అంకె ఎంత కిందికి దిగితే నర్సీపట్నం రోడ్డు మీద కార్లు అంత పెరుగుతాయి. వెయ్యి మీటర్ల ఎత్తున, తెల్లవారుజామున, చెట్ల మధ్య మంచు పాకుతుంటే చూడ్డానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. ఏడాదిలో ముప్పాతిక భాగం ఉక్కపోతలో గడిపేవాళ్ళం కదా, చలి మనకు సరదాయే. తప్పు పట్టడానికేమీ లేదు.

మన ఊరు గోవాడ పేరు ఆ పెట్టెలో రాదు. చోడవరం పేరూ రాదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. మనం అనకాపల్లి జిల్లాలో ఉండిపోయాం, పాడేరు, చింతపల్లి అల్లూరి సీతారామరాజు జిల్లాకి వెళ్ళాయి. అంచేత చలి అన్నది పక్క జిల్లా వార్త అయిపోయింది. ఇక్కడ పుష్యమాసం రాత్రి పదహారో పదిహేడో డిగ్రీలుంటుంది. బాగా దిగితే పద్నాలుగు. తలుపేసుకుని దుప్పటి ముసుగుతన్ని పడుకున్నవాడికి అది హాయి. ఈవేళ నేను మాట్లాడదలచుకున్నది ఆ పదహారు డిగ్రీల గురించి, ఆ రాత్రి ఆరుబయట పడుకునే మనుషుల గురించి, వాళ్ళకోసం మన ఊళ్ళోనే ఒక గది తెరిచే సంగతి గురించి.

ముందు ఆ పదహారు ఏం చేస్తుందో చెబుతాను. వాతావరణ శాఖ వారి లెక్కలో మైదాన ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీలకో అంతకన్నా కిందికో దిగాలి, అదీ ఆ రోజులకు మామూలుగా ఉండేదానికన్నా నాలుగున్నర డిగ్రీలు తగ్గాలి. అప్పుడే శీతల గాలులని ప్రకటిస్తారు. సముద్ర తీరంలోని కేంద్రాలకైతే ఆ గీత 15 దగ్గర గీశారు. మన వైపు ఆ ప్రకటన వినిపించే రాత్రులు చాలా అరుదు. ప్రకటన లేదు కాబట్టి ప్రమాదం లేదని అధికారులూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం.

ఒంటి లెక్క వేరు. మనిషి ఒంట్లో వేడి 37 డిగ్రీలు. అది 35 కిందికి జారిందంటే వైద్యులు ప్రాణాపాయం కిందే లెక్క కడతారు. అలా జారడానికి గడ్డకట్టే చలి అక్కర్లేదు. ముసలి ఒళ్ళు, ఖాళీ కడుపు, తడిసిన బట్ట, సిమెంటు నేల, ఈ నాలుగూ ఒకచోట కలిస్తే మన పదహారు డిగ్రీలే సరిపోతాయి. నీళ్ళు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తాయి. మన దగ్గర మంచు ఎలా దిగుతుందో మీకు తెలిసిందే. తెల్లవారుజామున నాలుగింటికి బయటికొచ్చి చూడండి, రేకుల చూరు నుంచి బొట్టు బొట్టుగా కారుతుంటుంది. ఆరుబయట కప్పుకున్న రగ్గు ఆ వేళకి చెమ్మగిల్లి బరువెక్కుతుంది. ఇక ఆ రగ్గు చలిని ఆపదు.

కింద నేల సంగతి ఇంకా ఘోరం. పైన ఎంత మందం కప్పినా, కింద వట్టి గచ్చు మీద పడుకుంటే వీపులోంచి, తుంటిలోంచి వేడి నేలలోకి దిగిపోతూనే ఉంటుంది. కళ్ళాల్లో కుప్పలకు కాపలా పడుకున్న మన పెద్దవాళ్ళకు ఇది బాగా తెలుసు. ముందు మూరెడు మందాన వరిగడ్డి, దాని మీద గోనెపట్టా, ఆ మీద బొంత. కప్పుకునేది తర్వాత చూసుకునేవారు. ఇప్పుడు మనం దానం ఇచ్చేటప్పుడు కప్పుకునేదే ఇస్తున్నాం, పరుచుకునేదాని ఊసు ఎవరికీ తట్టడం లేదు.

ఇంకో నమ్మకం ఉంది. మందేసుకుంటే వెచ్చగా ఉంటుందని. వెచ్చగా అనిపించే మాట నిజమే. మందు చర్మం కింద రక్తనాళాల్ని వెడల్పు చేస్తుంది, లోపలి వేడి చర్మం దాకా వస్తుంది, అక్కణ్ణుంచి గాలిలోకి పోతుంది. తాగినవాడికి హాయిగా ఉంటుంది, లోపల గుండె చుట్టూ చల్లబడుతుంటుంది. వణుకు కూడా సరిగా పుట్టదు. వయసు మీరినవాళ్ళకు తాగకపోయినా వణుకు తక్కువే, చలి వేస్తోందన్న సంగతే ఆలస్యంగా తెలుస్తుంది. చలికి నరాలు బిగుసుకుని రక్తపోటు పెరిగితే గుండెపోటు, పక్షవాతం వస్తాయి. అలా పోయినవాళ్ళ కాగితాల మీద చలి అన్న మాట ఎక్కడా కనపడదు. బస్టాండు దగ్గర గుర్తు తెలియని వృద్ధుడి మృతి అని పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి, అంతే.

ఎవరు వీళ్ళు? ఒకే రకం మనుషులు కారు. కొడుకులు వాటాలు పంచుకున్నాక ఎవరి వాటాకీ రాని తల్లి. భార్య పోయాక కోడలి వంటింటి ముందు చెయ్యి చాచలేక బయటికొచ్చేసిన తండ్రి. హౌరా నుంచి చెన్నై వెళ్ళే లైన్లో ఏ బండిలోంచో అనకాపల్లిలో దిగిపోయి, ఏ భాషో తెలియక, పేరు చెప్పలేక, రోడ్ల వెంట నడుస్తూ ఇటు చేరిన మతిస్థిమితం లేని మనిషి. ఒడిశా నుంచి ఇటుక బట్టీల పనికొచ్చి జబ్బుపడితే మేస్త్రీ వదిలేసిన కూలీ. గుళ్ళ దగ్గర పొద్దంతా కూర్చుని రాత్రికి చూరు వెతుక్కునే ముసలమ్మలు. వీళ్ళలో కొందరికి సొంతూళ్ళో రేషన్ కార్డు ఉంటుంది, పింఛనూ ఉంటుంది. ఒకటో తారీఖున వెళ్ళి ఆ డబ్బులు తీసుకుని మళ్ళీ వచ్చేస్తారు. ఇల్లు ఉండి కూడా ఇల్లు లేనివాళ్ళు వీళ్ళు.

పోయిన చలికాలం ఒక బస్టాండులో ఒకాయన్ని చూశాను. ఊరి పేరు చెప్పను. గోడవారన, అట్టపెట్టెలు విప్పి పరుచుకుని పడుకున్నాడు. ఒంటి మీద చొక్కా, పైన కండువా. తలకింద ఒక కొత్త రగ్గు, ఇంకా ప్లాస్టిక్ కవరు విప్పలేదు, కవరు మీద దాత పేరున్న చీటీ.

"తాతా, ఇంత చలిలో ఇక్కడ తొంగున్నావేటి?" అన్నాను.

"ఎక్కడికెల్తాం బాబూ. ఈ మూలైతే గాలి కొట్టదు."

"ఆ రగ్గు కప్పుకోకపోయావా?"

"కప్పుకుంటే మంచుకి తడిసిపోద్ది. తడిసిందాన్ని ఎక్కడారేస్తాను? పగలు ఏ గోడ మీదేసినా తియ్యిమంటారు. తడి రగ్గు మోసుకు తిరగలేను. ఉంచితే ఎవుడికైనా అమ్ముకోవచ్చు."

ఆయన లెక్క ఆయనకు సరిగ్గా ఉంది. రగ్గు ఇచ్చినాయన మంచివాడే. భోగికి ముందు కంబళి దానం చెయ్యాలని మన పెద్దలు పెట్టిన ఆచారం కూడా మంచిదే. అయితే ఆరేసుకునే చోటు లేనివాడికి రగ్గు సగం సాయమే. ఏటా సంక్రాంతి ముందు ఒక రాత్రి జీపులో తిరిగి, నిద్రపోతున్నవాళ్ళ మీద దుప్పట్లు కప్పి ఫోటోలు తీసుకునే సంఘాల వారితో ఒక మాట చెప్పాలని ఉంది. నిద్రపోయేవాణ్ణి లేపి ఫోటో తియ్యకండి. రెండోది, ఆ ఒక్క రాత్రి ఖర్చుతో ఒక గదికి నెల రోజులు కరెంటు బిల్లు కట్టొచ్చేమో లెక్క వేసుకోండి.

ఇదివరకు ఈ సమస్య ఇలా ఉండేది కాదు. ఇల్లు లేనివాళ్ళు అప్పుడూ ఉన్నారు, బహుశా ఎక్కువే ఉన్నారు. కానీ అప్పటి ఇళ్ళకు వీధి అరుగులుండేవి. పెంకుటింటి చూరు కిందికి దిగి ఉండేది, అరుగు దాని లోపలికి ఉండేది, మట్టితో అలికి ఉండేది. మట్టి అరుగు సిమెంటంత చల్లగా ఉండదు. జంగందేవరలు, దాసర్లు, గాజులమ్ముకునేవాళ్ళు, పనికోసం ఊళ్ళు తిరిగేవాళ్ళు పొద్దుపోయాక ఎవరో ఒకరి అరుగు మీద పడుకుని తెల్లారి లేచిపోయేవారు. కులాన్ని బట్టి ఎవరి అరుగు ఎవరికి అన్న పట్టింపులు గట్టిగానే ఉండేవి, ఆ రోజుల్ని బంగారు కాలం చేసి చెప్పను. అయినా ఊళ్ళో ఎక్కడో ఒకచోట చూరు దొరికేది. రామకోవెల మండపానికి తలుపులుండేవి కావు. ఇప్పుడు అరుగు జాగా ఇంట్లో కలిసిపోయి హాలైంది, ముందు ఇనప గేటు, గ్రిల్లు. రామకోవెలకు కూడా హుండీ భయానికి గ్రిల్లు పెట్టారు. ఎవరినీ అనడానికి లేదు, ఎవరి ఇల్లు వాళ్ళు కాపాడుకుంటున్నారు. అందరం గేట్లు పెట్టుకున్నాక రాత్రిపూట ఊరు మొత్తం మీద బయటివాడు ఒరిగే జాగా లేకుండా పోయింది.

అరుగులే కాదు, మన తీరం వెంబడి పూరీకి నడిచి వెళ్ళే యాత్రికుల కోసం కట్టిన సత్రాలుండేవి. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. వచ్చేటప్పుడు శ్రీకాకుళం, విశాఖపట్నం మీదుగానే వచ్చారు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర తిరగేస్తే ఏ ఊళ్ళో దిగడానికి వసతి ఉంది, ఎక్కడ లేదు అన్న సంగతులు పుస్తకం పొడుగునా కనిపిస్తాయి. దారిన పోయేవాడికి రాత్రి వసతి అన్నది ఆనాడు ఊరి పరువుకు సంబంధించిన సంగతి.

ఇక చట్టం సంగతి. ఇది కొంచెం విచిత్రమైన కథ. 2001లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ ఆహార హక్కు కోసం సుప్రీంకోర్టులో కేసు వేసింది. గోదాముల్లో ధాన్యం ముక్కిపోతోంది, జనం ఆకలితో చస్తున్నారు అన్నది ఆ కేసు. అది ఏళ్ళ తరబడి నడుస్తుండగానే 2009 డిసెంబరులో ఢిల్లీలో పూసా రోడ్డు దగ్గర ఒక రాత్రి బసను నగరపాలక సంస్థ వాళ్ళు తీసేశారు. నడి చలికాలంలో. కోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ 2010 జనవరిలో కోర్టుకు లేఖ రాశారు. తిండి లేనివాడికి చలి తొందరగా ఎక్కుతుంది, కాబట్టి తిండి హక్కు, గూడు హక్కు వేరు చెయ్యలేం అన్నది వాళ్ళ వాదన సారం. ఆ నెలలోనే కోర్టు ఉత్తర్వులిచ్చింది. ఆ తర్వాత అన్ని రాష్ట్రాలనూ పిలిచి, నగరాల్లో ఎన్ని బసలున్నాయో చెప్పమంది. అలా కదిలిన బండి 2013 సెప్టెంబరులో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ దాకా వచ్చింది. అందులో పట్టణ నిరాశ్రయుల వసతి గృహాలకు ఒక పథకం పెట్టారు.

ఆ మార్గదర్శకాలు చదివితే రాసినవాళ్ళు నిజంగా ఆలోచించే రాశారనిపిస్తుంది. లక్ష జనాభాకు కనీసం వందమందికి చోటు. మనిషికి 50 చదరపు అడుగులు. ఏడాది పొడుగునా, ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉండాలి. ఒక మేనేజరు, ఎనిమిదేసి గంటల చొప్పున ముగ్గురు కాపలాదార్లు. నీళ్ళు, మరుగుదొడ్లు, దీపాలు, వంటకు చోటు, సామాను దాచుకునే పెట్టెలు. ఆడవాళ్ళకు వేరుగా. విశాఖలో నగరపాలక సంస్థ జీవీఎంసీ తరఫున ఏయూటీడీ లాంటి స్వచ్ఛంద సంస్థలు ఇలాంటి గృహాలు నడుపుతున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో రోడ్ల మీద ఉన్నవాళ్ళను తరలించడానికి అవే అక్కరకొచ్చాయి.

అయితే పథకం పేరులోనే పట్టణం ఉంది. గోవాడ పంచాయతీ. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్ళు దేశం మొత్తం మీద 17 లక్షల 73 వేల మంది. అందులో పట్టణాల్లో 9 లక్షల 38 వేలు, పల్లెల్లో 8 లక్షల 35 వేలు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షా 45 వేలు. అంటే సగానికి కాస్త తక్కువ మంది పల్లెల్లోనే ఉన్నారు, పథకం మాత్రం పట్టణం పొలిమేరలో ఆగిపోయింది. పల్లెటూళ్ళో ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న నమ్మకం ఢిల్లీలో ఇంకా ఉన్నట్టుంది. అరుగులు పోయిన సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు.

ఆ లెక్క కూడా ఎప్పుడు తీశారో చూడండి. 2011 ఫిబ్రవరి 28 రాత్రి. చలికాలం దాటిపోయాక. జనవరి రెండో వారంలో తీసి ఉంటే ఎవరు ఎక్కడ ముడుచుకున్నారో తెలిసేది.

ఇక మన గోవాడ. ఈ ఊరి పేరు చెబితే ఎవరికైనా చక్కెర ఫ్యాక్టరీ గుర్తొస్తుంది. చోడవరం సహకార చక్కెర కర్మాగారం ఈ ఊళ్ళోదే. బకాయిలు, అప్పులు, రైతుల ధర్నాలు, ఆ కష్టాలు మీకు తెలిసినవే, ఇప్పుడు వాటి జోలికి పోను. ఒక్క సంగతే చెబుతాను. క్రషింగ్ నడిచేది చలికాలంలోనే. సీజను జోరుగా ఉన్న రాత్రి కాటా ముందు ట్రాక్టర్లు, లారీలు, ఎడ్లబళ్ళు బారులు తీరి ఉంటాయి. పర్మిట్టు పట్టుకుని వంతు కోసం కూర్చున్న రైతు చలిమంట దగ్గర చేతులు కాచుకుంటూ తెల్లారుస్తాడు. డ్రైవరు ట్రక్కు కింద గోనెపట్టా పరుచుకుంటాడు. చెరకు ఆకు మంట క్షణంలో లేచి క్షణంలో చల్లారిపోతుంది, దుంగ దొరికినవాడు అదృష్టవంతుడు. కాబట్టి ఆరుబయట చలిరాత్రి ఎలా ఉంటుందో గోవాడ చుట్టుపక్కల చెరకు వేసిన ఏ ఇంట్లో అడిగినా చెబుతారు. వంతు వచ్చాక ఇంటికి పోయే రాత్రి అది. వంతే లేనివాడి గురించి మనం మాట్లాడుకుంటున్నాం.

ఊరికి ఒక చలికాలపు గది కావాలి. పెద్ద భవనం అక్కర్లేదు, పదిహేను మంది పట్టే హాలు, ఆడవాళ్ళకు లోపల గడియ ఉన్న ఒక గది, నీళ్ళొచ్చే మరుగుదొడ్డి. కొత్తగా కడదామంటే శంకుస్థాపన దగ్గరే మూడేళ్ళు గడుస్తాయి. ఉన్నవాటిలో చూద్దాం. మూతపడ్డ బడి గది కావచ్చు, వాడని మహిళా మండలి భవనం కావచ్చు. వీటికన్నా నాకు నచ్చిన ఆలోచన ఇంకోటుంది. కల్యాణ మండపాలు.

డిసెంబరు 16 ప్రాంతాల ధనుర్మాసం పడుతుంది. అప్పటి నుంచి భోగి దాకా పెళ్ళిళ్ళు లేవు. ధనుర్మాసం దాటినా పుష్యం శూన్యమాసం, అది వెళ్ళేదాకా ముహూర్తాలు పెట్టరు. అంటే జనవరి నెలాఖరు అటూ ఇటూ దాకా మండపాలకు తాళాలు. పంతుళ్ళు పంచాంగం చూసి ముహూర్తాలు లేవనే రోజులూ, మన దగ్గర చలి ముదిరే రోజులూ ఒకటే. ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద కప్పు, అన్నిటికన్నా ఎక్కువ మరుగుదొడ్లు, వంటశాల, బావి, మోటారు ఉన్న చోటు సరిగ్గా అప్పుడే ఖాళీ. భోజనాల హాల్లో ఒక మూల చాలు. వేదిక జోలికి పోనక్కర్లేదు.

మండపం యజమానికి ఉండే భయాలు నాకు తెలుసు. సామాను పోతుందేమో అన్నది చిన్న భయం, దానికి తాళం ఉంది. అసలు భయం పైకి చెప్పరు. అక్కడ ఎవరైనా కన్నుమూస్తే మాఘంలో పెళ్ళివారు వస్తారా అని. ఇది తీసిపారేసే భయం కాదు, వాళ్ళ బతుకుతెరువు ముహూర్తాల మీదే ఉంది. దానికి జవాబు మన సంప్రదాయంలోనే ఉంది. మాఘం ముందు గోడలకు సున్నం వేసి, కడిగించి, పుణ్యాహవచనం చేయిస్తే శుద్ధి. ఆ ఖర్చు గది నడిపే కమిటీ పెట్టుకోవాలి, ముందే మాట ఇవ్వాలి. ఇంకా పైకి రాని మాట మరొకటి ఉంది. ఏ వీధివాడు ఎవడి పక్కన పడుకుంటాడు అని. ఆ మాట లేస్తుంది, తప్పదు. కమిటీలో అన్ని వీధులవాళ్ళనూ మొదటి రోజు నుంచే కూర్చోబెడితే లేచినచోటే చల్లారుతుంది. ఒక వీధివాళ్ళే నడిపితే రెండో వారానికి అది ఆ వీధి గదే అవుతుంది.

ఎప్పుడు తెరవాలి? న్యూయార్కులో సాయంత్రం నాలుగు నుంచి పొద్దున్న ఎనిమిదింటి లోపల ఉష్ణోగ్రత సున్నాకి పడుతుందనగానే కోడ్ బ్లూ అని ప్రకటించి, ఆ రాత్రి వచ్చినవాళ్ళనెవరినీ వెనక్కి పంపకుండా బసలు తెరుస్తారు. ఆ పద్ధతి మనకు పనికిరాదు. మన థర్మామీటరు ఎప్పటికీ గంట కొట్టదు. ఢిల్లీ పద్ధతి మేలు. అక్కడ నవంబరు 15 నుంచి మార్చి 15 దాకా అని తేదీలు పెట్టుకుని, చలి ఉన్నా లేకపోయినా నడుపుతారు. మనకు ధనుర్మాసం మొదలు నుంచి శివరాత్రి దాకా చాలు. మాఘంలో మండపం ఖాళీ చెయ్యాల్సి వస్తే అప్పటికి ఏ బడి గదికో మారడం. అందుకే ఆ రెండో గది కూడా ముందే చూసిపెట్టుకోవాలి.

డబ్బు? కేంద్ర పథకంలో అప్పట్లో యాభై మంది ఉండే గృహం నడపడానికి ఏడాదికి 6 లక్షలు అనుకున్నారు. నెలకు 50 వేలు, మనిషికి నెలకు వెయ్యి, రాత్రికి 33 రూపాయలు. ధరలు పెరిగాయి, చిన్న గదికి తలసరి ఖర్చు ఎక్కువ పడుతుంది, రెట్టింపు వేసుకోండి. అయినా ఒక మనిషి ఒక రాత్రి ప్రాణంతో తెల్లారడానికి పట్టేది ఒక సినిమా టిక్కెట్టు లోపే. దుప్పట్లకు, గోనెపట్టాలకు మన ఊళ్ళో కొరత లేదు. వరిగడ్డి ఆ నెలలో ప్రతి కళ్ళంలోనూ ఉంటుంది, వారం వారం మార్చాలి, లేకపోతే నల్లులు. దొరకనిది మనిషి. రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఏడు దాకా మెలకువగా ఉండే ఇద్దరు కావాలి, ఉచితంగా ఎవరూ ఉండరు, ఉండమనకూడదు కూడా. వసూలైన డబ్బులో పెద్ద వాటా వాళ్ళ జీతానికే పోవాలి. చందాలిచ్చేవాళ్ళకు జీతాలంటే మనసొప్పదు, వస్తువులైతే ఇస్తారు. ఆ వస్తువులు కాపాడేది కూడా ఆ మనిషే.

నడిపేవాళ్ళు చూసుకోవలసినవి కొన్ని. తలుపు దగ్గర ఆధార్ అడగొద్దు. పేరు అడగొచ్చు, చెప్పిన పేరే రాసుకోండి. వాళ్ళ మూట వాళ్ళ తలకింద పెట్టుకోనివ్వండి, దాన్ని బయట పెట్టమంటే ఆ మనిషి కూడా బయటికే పోతాడు. తాగి వచ్చినవాణ్ణి గేటు దగ్గర తిప్పి పంపించడమంటే, పైన చెప్పిన కారణానికి, అందరికన్నా ముందు చచ్చిపోయేవాణ్ణి పంపించడమే. గొడవ చెయ్యనంతవరకు ఒక పక్కకు పడుకోబెట్టండి, వెల్లకిలా వద్దు, పక్కకు తిప్పి. గజ్జి వస్తుంది, అది ఖాయం. ఊరి ఏఎన్ఎం గారికి ముందే చెప్పుకుంటే మందు రాయించి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతికించొచ్చు.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టకండి, బొగ్గులు పెట్టకండి. మూసిన గదిలో బొగ్గులు సగం కాలి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. చలిమంట వేసుకుంటే బయట, వాకిట్లో.

వచ్చిన మనిషి మాట తడబడుతూ, ఒళ్ళు చల్లగా ఉండి, వణుకు కూడా ఆగిపోయి ఉంటే అది నిద్రమత్తు అనుకోవద్దు. 108కి ఫోను చెయ్యండి. అది వచ్చేలోగా తడి బట్ట తీసేసి పొడి బట్ట కట్టి, ఛాతీ, పొట్ట, మెడ చుట్టూ కప్పండి. స్పృహలో ఉంటే బెల్లం వేసిన వేడి టీ కొద్దికొద్దిగా. కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దకండి, మంట దగ్గరికి లాగకండి. మతిస్థిమితం లేని మనిషి రోడ్డున పడి ఉంటే పోలీసులకు చెప్పండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నూరో సెక్షను ప్రకారం అలాంటివాళ్ళను రక్షణలోకి తీసుకోవలసిన పూచీ స్టేషను అధికారిది, ఇరవైనాలుగు గంటల్లోగా ప్రభుత్వాసుపత్రికి చేర్చాలి. విశాఖలో మానసిక చికిత్సాలయం ఉంది.

పొద్దున్న తిండి గురించి పెద్ద బెంగ అక్కర్లేదు. ధనుర్మాసం కదా, తెల్లవారకుండానే గుళ్ళో పొంగలి దిగుతుంది. చోడి అంబలి ఒక కుండెడు కాస్తే పదిహేను మందికి సరిపోతుంది. వేడి అంబలి తాగి కూర్చున్నప్పుడు మనుషులు నాలుగు మాటలు చెబుతారు. ఎవరి కొడుకు ఎక్కడున్నాడో, ఎవరి పింఛను ఎందుకు ఆగిందో అప్పుడే తెలుస్తుంది. కొందర్ని ఇంటికి చేర్చొచ్చు. కొందరు ఇంటికి వెళ్ళనంటారు, వాళ్ళ కారణాలు వాళ్ళకుంటాయి, బలవంతపెట్టకండి. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లోనే వచ్చింది, జిల్లాకొక వృద్ధాశ్రమమైనా ఉండాలని అందులో ఉంది, ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్ ఉంది. కావాలన్నవాళ్ళకు అర్జీ రాసిపెట్టే చదువుకున్న కుర్రాడు ఒకడుంటే చాలు.

ఇదంతా ధనుర్మాసంలో మొదలుపెడదామంటే కుదరదు. కార్తీకమాసంలో వనభోజనాలకు వెళ్తాం, అన్ని సంఘాలవాళ్ళూ, కాస్త డబ్బూ తీరికా ఉన్నవాళ్ళూ అక్కడే కలుస్తారు. ఉసిరి చెట్టు కింద విస్తళ్ళు ఎత్తాక, పేకముక్కలు తియ్యకముందు, ఈ మాట ఎత్తండి. మండపం తాళం ఎవరి దగ్గరుందో కనుక్కోండి. రాత్రి కాపలాకు ఏ ఇద్దరైతే కుదురుతారో, జీతం ఎంతో అక్కడే తేల్చుకోండి. మర్నాడు పొద్దున్నే నలుగురు వెళ్ళి మోటారు వేసి, మరుగుదొడ్లో నీళ్ళు వస్తున్నాయో లేదో చూసి రండి.